మిద్దె కప్పు: ఎంపిక, సంరక్షణ

మగ్గాల పనికై తెలంగాణ జిల్లాల నుండి సూరత్ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. వడోద్ వంటి చోట సొంత ఇల్లు కట్టుకొనదలచిన మీరు పైకప్పు విషయంలో ప్రత్యేక శ్రద్ధ వహించాలి. ఈ ప్రాంతంలో ఏటా సగటున వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. రుణం తీరకముందే కప్పు కారితే వాయిదాలకు మరమ్మతు ఖర్చు తోడవుతుంది.

రేకుల కప్పు చౌకే గాని వేసవిలో వేడి భరించలేము. మున్ముందు పై అంతస్తు వేయదలచినవారికి ఆర్.సి.సి. శ్లాబు అనువైనది. శ్లాబుపై నీరు నిలువరాదు. ప్రతి పది అడుగులకు కనీసం ఒకటింబావు అంగుళం వాలు ఉండాలి. పిట్టగోడ, శ్లాబు కలిసే మూలను సిమెంటుతో గుండ్రంగా పూయించండి. శ్లాబును కనీసం ఏడు రోజులు, పి.పి.సి. సిమెంటైతే పది రోజులు తడిగా ఉంచాలి. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్షించనిదే వాడరాదు. విక్రేతలు ఈ సంగతి కొనుగోలుదారులకు తెలియజేయాలి.

జలనిరోధక పొర వేయించిన పిదప రెండు రోజులు నీరు నిలిపి, కింద చెమ్మ లేదని చూసుకొన్నాకే మేస్త్రీకి చివరి మొత్తం చెల్లించండి.

ఏటా మే నెలలో చెత్తను, రావి మొలకలను వేళ్ళతో సహా తొలగించండి. నీటి గొట్టాలను శుభ్రపరచి, పగుళ్ళను పూడ్పించండి. నీరు కడ్డీలను చేరితే అవి తుప్పుపట్టి ఉబ్బుతాయి, కాంక్రీటు పెచ్చులూడుతుంది. అప్పుడు అడుగున పూత పూసి మరకను దాచినా ప్రయోజనం శూన్యం. పైన తెల్లసున్నం వేయిస్తే వేడి కొంత తగ్గుతుంది.

సకాలంలో చేసిన చిన్న మరమ్మతే మీ ఇంటికి, మీ పొదుపుకు రక్ష.