తరగతి గదిలో సామాజిక మాధ్యమాలు

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959లో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. దేశం నలుమూలల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన వారిలో తెలుగువారూ ఉన్నారు. సెక్టర్ 6 వంటి నివాస ప్రాంతాలలో ఇంట తెలుగు, బడిలో హిందీ లేక ఇంగ్లీషు వినే పిల్లలకు సామాజిక మాధ్యమాలు ఏ విధంగా తోడ్పడగలవు?

ప్రసార సాధనాలతో బోధన మనకు కొత్త కాదు. 1975-76లో ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్‌లతో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు చేరింది. అయితే నాటి విద్యార్థి ప్రేక్షకుడు మాత్రమే. వాట్సాప్ వంటి సాధనాలలో అతడు తిరిగి ప్రశ్నించగలడు.

2020లో కరోనా వల్ల పాఠశాలలు మూతపడినప్పుడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 'పఢయీ తుంహర్ దువార్', అనగా 'మీ గుమ్మం ముందుకే చదువు', అనే కార్యక్రమాన్ని చేపట్టింది. అంతర్జాలం అందని చోట్ల బ్లూటూత్ పాఠాలు, లౌడ్‌స్పీకర్లు, వాడలలో తరగతులు అవసరమైనవి. ఇంట ఉన్న ఒక్క ఫోను తండ్రితో షిఫ్టుకు వెళ్ళిపోతే ఆ బిడ్డకు నాటి పాఠం లేనట్లే. కావున ఫోనులో పంపిన పాఠాన్ని తరగతిలో మరల చెప్పవలసి ఉంటుంది.

ఒక ఉదాహరణ: అమ్మమ్మ చెప్పిన పొడుపుకథను విద్యార్థి రికార్డు చేసి పంపవచ్చు. తరగతి అంతా విని, దాని భావాన్ని హిందీలో చర్చించవచ్చు. మరునాడు ఒడియా, ఆపై ఛత్తీస్‌గఢీ. తల్లిదండ్రుల అనుమతి, నియమిత వేళ, పిల్లల చిత్రాల గోప్యత తప్పనిసరి. ఇట్లు వాడినప్పుడు బడిలో వినిపించని మాతృభాషకు సైతం తరగతిలో స్థానం లభించగలదు.