ఉద్యోగపర్వంలో సహాయాన్వేషణ: ధృతరాష్ట్రుని ప్రజాగరం

మహాభారత ఉద్యోగపర్వం యుద్ధసన్నాహాల పర్వంగా, రాయబారాల పర్వంగా ప్రసిద్ధం. తెలుగునాట తిరుపతి వేంకటకవుల ‘పాండవోద్యోగం’ ప్రదర్శనలు ఈ దృష్టినే స్థిరపరిచాయి. అయితే కలహం ముదిరిన వేళ మనిషి ఎవరిని ఆశ్రయిస్తాడు, ఏమి ఆశించి ఆశ్రయిస్తాడు అన్న విచారణ కూడా ఈ పర్వమంతటా సాగుతుంది. ఆ కోణం నుండి వ్యాసభారత కథాక్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ద్వారకలో దుర్యోధనుడు గోపసైన్యాన్ని పొంది సంతోషించడం, అర్జునుడు ఆయుధం పట్టని కృష్ణుని కోరడం సుపరిచితమైన ఘట్టం. శల్యుని వృత్తాంతం అంతకంటె లోతైనది. పాండవుల వద్దకు బయలుదేరిన శల్యుని దుర్యోధనుడు దారిపొడవునా విడిదులు కట్టించి, సత్కారాలతో మెప్పించి తన పక్షానికి తిప్పుకొన్నాడు. అతనికి శల్యుని మాట దక్కింది గాని మనసు దక్కలేదు. కర్ణునికి సారథ్యం వహించినప్పుడు అతని తేజస్సును తగ్గించమన్న ధర్మరాజు కోరికకు శల్యుడు అంగీకరించాడు. విశ్వవిద్యాలయ శాఖల్లో విభేదాలు తలెత్తినప్పుడు తమ పక్షం వహించేవారిని లెక్కపెట్టుకొనేవారికి ఈ కథ కొత్త కాదు.

ధృతరాష్ట్రుని విషయం వేరు. పాండవుల వద్దనుండి తిరిగివచ్చిన సంజయుడు రాజును నిందించి, వారి సందేశాన్ని మర్నాడు సభలో చెబుతానని వెళ్లిపోతాడు. నిద్రపట్టని రాజు విదురుని పిలిపిస్తాడు. పిలిచింది తగినవానినే. విదురుడు ఓదార్చడు, పరధనంపై ఆశ బాధిస్తున్నదా అని సూటిగా అడుగుతాడు. తన పరిధి దాటిన ప్రశ్న ఎదురైనప్పుడు సనత్సుజాతుని రప్పిస్తాడు. అందుకు శూద్రయోనిలో జన్మించడాన్ని కారణంగా చెప్పుకొన్నాడు. నేటి పాఠకుడు ఆ కారణాన్ని అంగీకరించలేడు. అయినా తన హద్దు తెలిసి మరొకరిని చూపడం సలహాదారులో అరుదైన గుణమే.

ఇంత విన్నాక కూడా, తన బుద్ధి పాండవులవైపే మొగ్గుతున్నదనీ, దుర్యోధనుని కలిస్తే మళ్లీ తిరిగిపోతున్నదనీ రాజు ఒప్పుకొంటాడు. విదురుడు ఆ ఒక్క రాత్రి దగ్గరున్నాడు. దుర్యోధనుడు నిత్యమూ ఉన్నాడు. కనుక ధృతరాష్ట్రునికి కొరవడినది మంచి సలహా కాదు. తాను తీసుకోవలసిన నిర్ణయాన్ని ఇతరులు తన బదులు అమలుచేయాలని అతడు ఆశించాడు. రాయబారానికి వచ్చిన కృష్ణునితో తాను స్వతంత్రుడను కాననీ, కుమారునికి నచ్చజెప్పమనీ అంటాడు. ఆ తరువాత అదే పనికి గాంధారిని సభకు రప్పిస్తాడు. ఆమె కుమారుని మందలించడానికి ముందు, అతని దుర్బుద్ధి తెలిసీ అనుసరించిన భర్తనే తప్పుపడుతుంది.