మూడు బటన్లు ఒకేసారి నొక్కితే?

ఇంట్లో చేసుకున్న ఆర్కేడ్ ఆటపెట్టెలో జాయ్‌స్టిక్, బటన్ల సంగతి కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? మధ్యలో కీబోర్డ్ ఎన్‌కోడర్ అనే చిన్న బోర్డు ఉంటుంది. బటన్ నొక్కగానే అది ఫలానా కీ నొక్కినట్టు కంప్యూటర్‌కు కబురు పంపుతుంది.

మరి పాత కీబోర్డు విప్పి వైర్లు కలిపేస్తే సరిపోదా? కలపొచ్చు, కానీ ఒక చిక్కుంది. మామూలు కీబోర్డులో తీగలు అడ్డంగా, నిలువుగా వలలా ఉంటాయి. ఆ వలలో ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లో ఉన్న కీలు నొక్కారనుకోండి, కరెంటు చుట్టు తిరిగి వెళ్లి నాలుగోదీ నొక్కినట్టే కనిపిస్తుంది. ఆ పొరపాటు రాకుండా చాలా కీబోర్డులు అలాంటప్పుడు మూడో కీని అసలు పట్టించుకోవు. ఇద్దరు కలిసి ఆడేటప్పుడు మీరు నొక్కిన దెబ్బ తెరమీద పడకపోతే ఎంత ఉక్రోషం!

అందుకే ప్రతి బటన్‌కూ విడిగా పిన్ను ఉన్న ఎన్‌కోడరే మేలు. ఐ-ప్యాక్ అలాంటిదే. ప్రోగ్రాం రాయడం ఇష్టమైతే ఆర్డుయినో లియొనార్డో బోర్డు తీసుకోండి. యూఎస్‌బీలో అది కీబోర్డులా పనిచేయగలదు. ఆర్డుయినోలోనే పాత ఊనో బోర్డులకు నేరుగా ఆ పని చేతకాదు. కొనేముందు బటన్లన్నీ లెక్కపెట్టుకోండి, ఒక్కో జాయ్‌స్టిక్‌కే నాలుగు పిన్నులు కావాలి.