గోడకు గంధం రంగా, లేత నీలమా?

మోతె: ఇల్లు కట్టినవారికి చివరి పరీక్ష రంగుల డబ్బాల దగ్గర ఎదురవుతుంది. స్లాబు, తలుపులు, గచ్చు పూర్తయ్యేసరికి చేతిలో సొమ్ము కరిగిపోతుంది. మిగిలిన నాలుగు రూపాయలతో వేయించిన రంగును ఏళ్ల తరబడి చూడక తప్పదు. గంధం రంగు వెచ్చన, లేత నీలం చల్లన అంటూ ఇంట్లో తలా ఒక మాట చెబుతారు. ఇందులో నిజమెంత?

ఈ రెండు ఛాయలూ మన పల్లెలకు కొత్తవి కావు. పూర్వం మట్టిగోడకు సున్నం కొట్టేటప్పుడు తెలుపు మెరవడానికి చిటికెడు నీలిమందు కలిపేవారు. పాలు కాస్త ఎక్కువైతే గోడంతా నీలమయ్యేది. పచ్చమట్టి కలిపితే గంధపు ఛాయ వచ్చేది. అరుగుకు జాజు పూసేవారు.

నీలం చల్లదనం కంటికే గాని ఒంటికి కాదు. బయటి గోడ, పైకప్పు ఎండను ఎంత తిప్పికొడతాయన్నదే ముఖ్యం. ముదురు నీలం గోడ కంటే లేత గంధం గోడ తక్కువ కాగుతుంది. తెలుపు అన్నిటికన్నా మేలు. రాష్ట్ర ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది కూడా ఇందుకే. వేసవి వేడి తగ్గాలంటే ముందు స్లాబు మీద తెల్లపూత వేయించాలి.

లోపలి గదులకు వెలుతురే కొలత. ఉత్తరపు కిటికీ ఒక్కటే ఉన్న గదిలో నీలం మబ్బు పట్టినట్లుంటుంది. అక్కడ గంధం రంగు నప్పుతుంది. పడమటి ఎండ పడే గదిలో గంధం మరీ పచ్చగా కనిపిస్తుంది. అక్కడ నీలం కంటికి హాయి. దుకాణంలో కార్డు చూసి నిర్ణయించరాదు. రెండు రంగులనూ గోడపై మూరెడు మేర పూసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు వెలుతురులో చూడాలి.

రంగు ఏదైనా గోడ ఆరకుండా వేస్తే పొక్కి రాలుతుంది. కొత్త సిమెంటు పూతకు నీళ్లు పట్టడం ఆపాక కొన్ని వారాలు ఆరనివ్వాలి. ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించరాదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరు నుంచి అమలులో ఉంది. అంతకుముందు వేసిన పాత రంగుల్లో సీసం ఎక్కువగా ఉండవచ్చు. వాటిని గోకేటప్పుడు పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచాలి. పొడిగా గోకకుండా తడిపి గీకితే దుమ్ము లేవదు.

గదికో రంగు వేసుకున్నా తప్పులేదు. తొందరపడి తడిగోడకు వేస్తే మాత్రం గంధమైనా నీలమైనా ఏడాది తిరగకుండానే మళ్లీ ఖర్చు తప్పదు.