గోధుమ లేని వంటిల్లు

సీలియాక్ వ్యాధి పైకి అరుగుదల సమస్యలా కనిపిస్తుంది. నిజానికి అది శరీరపు రక్షణ వ్యవస్థ తన సొంత పేగు మీదే దాడికి దిగే జబ్బు. ఆ దాడిని రేపేది గ్లూటెన్. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే మాంసకృత్తు ఇది. పూరీపిండి తడిపితే వచ్చే సాగుడు దీనివల్లే. పుట్టుకతో కొన్ని జన్యువులు ఉన్నవారిలో కొందరికి మాత్రమే ఈ జబ్బు వస్తుంది. వారి ఒంట్లోకి గ్లూటెన్ చేరిన ప్రతిసారీ చిన్నపేగు లోపలి గోడ వాస్తుంది, దాని మీద ఉండే ఆంత్రచూషకాలు క్రమంగా అరిగి చదునైపోతాయి. తిన్నదాంట్లోని సత్తువను రక్తంలోకి పీల్చుకునేవి అవే కాబట్టి, అవి దెబ్బతిన్నాక ఎంత మంచి తిండి పెట్టినా ఒంటికి పట్టదు.

పిల్లల్లో ఇది విరేచనాలుగా, పొట్ట ఉబ్బరంగా, వయసుకు తగ్గ ఎత్తూ బరువూ రాకపోవడంగా బయటపడుతుంది. పెద్దల్లో చాలాసార్లు కడుపు బాధే ఉండదు. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా తగ్గని రక్తహీనత, పెళుసుబారిన ఎముకలు, నోట్లో పదేపదే పుండ్లు, తీరని నీరసం, కొందరిలో గర్భం నిలవకపోవడం, మోచేతుల మీదా మోకాళ్ళ మీదా విపరీతంగా దురదపెట్టే పొక్కులు ఉంటాయి. ఇవన్నీ ఒకే మూలం నుంచి వస్తున్నాయని ఎవరికీ తట్టదు. ఒకసారి గ్యాస్ అనీ, ఇంకోసారి ఒంట్లో రక్తం లేదనీ ఏళ్ళు గడిచిపోతాయి.

తెలుగునాట ఈ ఆలస్యానికి ఇంకో కారణం కూడా ఉంది. ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతాల్లో 23,331 మంది పెద్దలను పరీక్షించిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. ఉత్తరాదిలో 1.2 శాతం మందికి సీలియాక్ ఉన్నట్టు తేలితే, దక్షిణాదిలో ఆ సంఖ్య 0.1 శాతమే. జబ్బుకు వీలు కల్పించే జన్యువులు రెండు చోట్లా ఇంచుమించు సమానంగా, మూడో వంతుకు పైగా మందిలో కనిపించాయి. తేడా పళ్ళెంలో ఉంది. ఉత్తరాదిలో మనిషి సగటున రోజుకు 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదిలో తినేది 25 గ్రాములు. అన్నం తినేవారికి ఈ జబ్బు అరుదన్న నమ్మకం అలా స్థిరపడింది. కానీ షుగర్ వచ్చిందని రాత్రిపూట అన్నం మానేసి చపాతీలకు మారిన ఇళ్ళు ఇప్పుడు వీధికి ఎన్నో. పిల్లల టిఫిన్ డబ్బాల్లో నూడుల్స్, బ్రెడ్, బిస్కెట్లు మామూలైపోయాయి. తగ్గని రక్తహీనతతో వచ్చిన తెలుగు రోగి విషయంలో కూడా డాక్టర్లు సీలియాక్‌ను ఒకసారి తలచుకోవలసిన రోజులివి.

నిర్ధారణలో మొదటి మెట్టు రక్తపరీక్ష. టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైముకు వ్యతిరేకంగా ఒంట్లో తయారైన ఐజీఏ యాంటీబాడీలను అందులో కొలుస్తారు. కొందరి ఒంట్లో ఐజీఏ అన్నదే తక్కువగా ఉంటుంది. వారికి జబ్బున్నా ఈ పరీక్షలో కనబడదు కాబట్టి మొత్తం ఐజీఏ కూడా చూస్తారు. తర్వాత ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఎవరో చెప్పారని ముందే గోధుమ మానేసి, కాస్త నెమ్మదించాక పరీక్షకు వెళ్తారు. అప్పటికి యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు మానడం మొదలవుతుంది, జబ్బు దొరకకుండా పోతుంది. పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా గోధుమ తింటూనే ఉండాలి. గోధుమ ఎలర్జీ వేరే జబ్బు; దాని పరీక్షలూ వేరు.

సీలియాక్‌కు ఇంతవరకు మందు లేదు. ఉన్న ఒకే చికిత్స బతికినన్నాళ్ళూ గ్లూటెన్ మానడం. ఈ సంగతిని నిలబెట్టినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల డాక్టర్ విలెం డికె. రెండో ప్రపంచ యుద్ధపు చివరి చలికాలంలో, 1944–45లో, ఆ దేశంలో రొట్టె దొరకడమే గగనమైంది. జనం ఆకలితో అలమటిస్తుంటే, సీలియాక్ పిల్లలు కొందరు మాత్రం కోలుకున్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బుపడ్డారు. అంతకు ముందు నుంచే గోధుమను అనుమానిస్తున్న డికె, 1950లో తన సిద్ధాంత గ్రంథంలో దాన్ని రుజువులతో సహా రాశాడు.

మానడమంటే ఎంతవరకన్నది ఇంట్లో అందరికీ అర్థం కావాలి. ఒక చపాతీలో 2 గ్రాములకు పైగా గ్లూటెన్ ఉంటుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 3 నెలలు ఇచ్చి చూసిన ఒక ప్రయోగంలో పేగు దెబ్బతింది. అంటే చపాతీలో నలభయ్యో వంతు, గోరంత ముక్క, రోజూ లోపలికి పోయినా చాలన్నమాట. రోజుకు 10 మిల్లీగ్రాములు దాటకపోతే చాలామందికి ముప్పు ఉండదని వైద్యులు అంటారు. ‘ఒక్క ముక్కేగా, పాపం పిల్లవాడి నోరు కట్టేస్తారా’ అనే ఆప్యాయత ముందు ఈ లెక్క నిలబడాలి. తిన్న వెంటనే కడుపునొప్పి రాలేదంటే ఏమీ కాలేదని కాదు. చాలామందికి పైకి ఏ బాధా లేకుండానే లోపల పేగు దెబ్బతింటూ ఉంటుంది.

ఈ జబ్బుతో బతకడానికి తెలుగు వంటిల్లు నిజంగా అనువైనది. అన్నం, పప్పు, కూర, పెరుగు, నెయ్యి, గుడ్లు, చేపలు, మాంసం, కూరగాయలు, పండ్లు, వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు, సామలు, అరికెలు, మొక్కజొన్న, సగ్గుబియ్యం, శనగపిండి నిశ్చింతగా వాడుకోవచ్చు. ఇడ్లీ రవ్వ మన దగ్గర బియ్యంతో చేసేదే. జొన్నరొట్టె, రాగిసంకటి, పెసరట్టు, అరిసెలు, సున్నుండలు, జంతికలు, పూతరేకులు ఉన్న భోజనాన్ని పేద తిండి అనడానికి లేదు. మానవలసినవి గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమియా, వీటితో చేసే ఉప్మా, పూరీ, పరోటా, మైసూర్ బజ్జీ, కాజాలు, గవ్వలు, మైదా తోపుతో చేసే బొబ్బట్లు, జిలేబీ, బ్రెడ్, కేకు. సంప్రదాయ గోధుమలని ఖరీదు కట్టి అమ్మే రకాల్లో కూడా గ్లూటెన్ ఉంటుంది. ఓట్స్‌లో సహజంగా లేకపోయినా, పొలంలోనో మిల్లులోనో గోధుమ కలవడం మామూలు. అందుకని గ్లూటెన్ లేదని ముద్ర ఉన్న ఓట్స్ మాత్రమే, అవి కూడా పేగు కుదుటపడ్డాక డాక్టర్ చెబితేనే తినాలి.

కంటికి కనిపించే చపాతీని పక్కన పెట్టడం తేలిక. కనిపించని చోట్లే అసలు కష్టం. అందులో ముందు చెప్పవలసినది ఇంగువ. బజారులో దొరికే ఇంగువ చాలావరకు స్వచ్ఛమైనది కాదు. ఘాటు తగ్గించి పొడి చేయడానికి మైదానో గోధుమపిండో బియ్యప్పిండో కలుపుతారు. చారు, పులిహోర, ఇంగువ ఆవకాయ, కొన్న సాంబారు పొడి ద్వారా అది రోజూ కంచంలోకి వస్తుంది. బియ్యప్పిండి కలిపిన, గ్లూటెన్ లేదని రాసిన డబ్బా దొరికితే వాడుకోవాలి, లేకపోతే ఇంగువ మానేసి వెల్లుల్లితో పోపు పెట్టుకోవాలి. రెండోది బార్లీ. జ్వరం వచ్చినా, మూత్రంలో మంట ఉన్నా పెద్దలు ప్రేమగా కాచి ఇచ్చే బార్లీ నీళ్ళు ఈ రోగికి పనికిరావు. బార్లీ మొలకల నుంచి తీసే మాల్ట్ పాలలో కలిపే పొడుల్లోనూ, కొన్ని కార్న్‌ఫ్లేక్స్‌లోనూ ఉంటుంది. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది కాబట్టి బండి మీది ఫ్రైడ్ రైస్ అన్నమే అయినా పనికిరాదు. చిరుధాన్యాల బిస్కెట్లు, నూడుల్స్ అని పెద్ద అక్షరాలతో అమ్మేవాటిలో కూడా తరచు మైదానో ఆటానో కలిసి ఉంటుంది. తెలంగాణ అంగన్‌వాడీల్లో పసివాళ్ళకిచ్చే బాలామృతంలో వేయించిన గోధుమ ఉంటుంది. ఆ సంగతి సీలియాక్ బిడ్డ తల్లికి ఎవరైనా ముందే చెప్పాలి.

కొన్న ప్రతి పొట్లం మీదా లేబుల్ చదవడం అలవాటు కావాలి. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేని పదార్థాన్నే గ్లూటెన్ రహితమని అమ్మాలని మన దేశపు ఆహార భద్రతా నిబంధన. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు వాడితే ఆ సంగతి పొట్లం మీద రాయడం కూడా తప్పనిసరి. ఇవన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి వీట్, ఆటా, సూజీ, సెమోలినా, బార్లీ, మాల్ట్ అనే మాటలు ఇంట్లో వండేవాళ్ళకు గుర్తు పట్టడం నేర్పాలి, లేదా ఒక కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించాలి.

మన దగ్గర మరో పెద్ద చిక్కు పిండిమర. ఒకే మరలో ముందు ఎవరివో గోధుమలు ఆడి, వెనువెంటనే జొన్నలు పోస్తారు. ఆ జొన్నపిండిలో గోధుమపిండి తప్పకుండా కలుస్తుంది. దుకాణంలో విడిగా తూచి ఇచ్చే పిండిదీ ఇదే కథ. గింజలు కొని, ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీలోనో చిన్న మరలోనో ఆడుకోవడం శ్రమే. అయినా ఈ ఒక్క పనిని దాటవేస్తే మిగతా జాగ్రత్తలన్నీ వృథా అవుతాయి. పరీక్షల్లో యాంటీబాడీలు తగ్గడం లేదంటే ముందుగా అడగవలసిన ప్రశ్న పిండి ఎక్కడ ఆడించారన్నదే.

ఇంట్లో మిగతావారు గోధుమ తింటుంటే కొన్ని వస్తువులు విడిగా ఉండాలి. చపాతీ పీట, అప్పడాల కర్ర, చెక్క గరిటెలు, జల్లెడ, ఇనుప పెనం ఎంత తోమినా పిండి పూర్తిగా వదలవు. స్టీలు గిన్నెలు సబ్బుతో శుభ్రంగా కడిగితే చాలు, వాటికి భయపడనక్కరలేదు. పూరీలు వేయించిన నూనెలో అప్పడం వేయించకూడదు. బ్రెడ్‌కు రాసిన చెంచాను మళ్ళీ జామ్ సీసాలో ముంచకూడదు. రోగి వంట ముందు వండి, మూతపెట్టి, పై అరలో ఉంచాలి. వీలైతే ఇంటిల్లిపాదికీ ఒకే వంట, గోధుమ లేని వంట, చేసుకోవడం అన్నింటికంటే మేలు. షుగర్ ఉన్న పెద్దాయనకు జొన్నరొట్టె చేస్తే ఇద్దరికీ సరిపోతుంది. ఒక పిల్లవాడి కంచం ఒక్కటే వేరుగా పెట్టే ఇంట్లో ఆ పిల్లవాడు ఎప్పుడో ఒకప్పుడు దొంగచాటుగా తింటాడు.

గడప దాటాక పట్టు తగ్గుతుంది. టిఫిన్ సెంటర్లో రవ్వదోశ వేసిన పెనం మీదే మామూలు దోశ పడుతుంది, పెసరట్టులో ఉప్మా పెడతారు. హైదరాబాద్‌లో హలీం అంటే మాంసంతో కలిపి మెత్తగా చేసిన గోధుమ. ఉస్మానియా బిస్కెట్, డబుల్ కా మీఠా, షీర్ ఖుర్మాలోని సేమియా అన్నీ దూరం పెట్టవలసినవే. పెళ్ళి భోజనంలో అన్నం, ముద్దపప్పు, నెయ్యి, పెరుగు దాదాపు క్షేమం, పోపు పెట్టినవి మాత్రం అడిగి తెలుసుకోవాలి. గరిటెలు కలగాపులగం కాకముందే మొదటి బంతిలో కూర్చోవడం మంచిది. సొంత డబ్బా తీసుకువెళ్ళడానికి మొహమాటపడితే ఈ జబ్బుతో నెగ్గలేరు. ప్రసాదం విషయం ఇంకా సున్నితమైనది. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేది. ఇళ్ళలో సత్యనారాయణ వ్రతానికి చేసేదీ రవ్వతోనే. తిరుపతి లడ్డూకు శనగపిండి ఆధారం. తినకూడనిదైతే కళ్ళకద్దుకుని పక్కవారికి ఇవ్వడంలో భక్తికి లోటేమీ లేదు.

బడికి వెళ్ళే పిల్లల విషయంలో టీచరుకు విషయం రాసి ఇవ్వాలి. పుట్టినరోజు కేకులు, డబ్బాలు మార్చుకుని తినడం వారిని ఊరిస్తాయి. వేరుశనగ పట్టీ, నువ్వుండ, బియ్యప్పిండి మురుకులు తోటివాళ్ళకు కూడా పంచేంత ఎక్కువగా పెట్టి పంపితే బిడ్డ చెయ్యి చాచే అవసరం తగ్గుతుంది.

గోధుమ మానగానే తెల్లన్నం మూడు పూటలా తినడం ఇంకో రకం పొరపాటు. పీచు తగ్గుతుంది, మలబద్ధకం, బరువు పెరగడం మొదలవుతాయి. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. దెబ్బతిన్న ఎముకలకు అది చాలా అవసరం. ఆకుకూరలు, పప్పులు, సజ్జలు రోజూ ఉండాలి. మొదట్లో పాలు పడకపోవచ్చు, ఎందుకంటే పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము తయారయ్యేది కూడా ఆంత్రచూషకాల దగ్గరే. పేగు మానాక చాలామందికి పాలు మళ్ళీ పడతాయి. ఐరన్, ఫోలిక్ యాసిడ్, డి విటమిన్ లోటును డాక్టర్ మాత్రలతో పూడుస్తారు.

విరేచనాలు, ఉబ్బరం కొన్ని వారాల్లోనే తగ్గుముఖం పడతాయి. పేగు పూర్తిగా మానడానికి పిల్లల్లో నెలలు, పెద్దల్లో ఒక్కోసారి కొన్నేళ్ళు పడుతుంది. 6 నెలలకు ఒకసారి, కుదుటపడ్డాక ఏడాదికోసారి యాంటీబాడీల పరీక్ష చేయిస్తారు. రోగి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా, ఏ బాధా లేకపోయినా, ఈ రక్తపరీక్ష చేయించుకోవాలి. వారిలో దాదాపు పదిమందిలో ఒకరికి జబ్బు ఉండే అవకాశం ఉంది. ఇప్పుడు లేదని తేలినా ఏ వయసులోనైనా రావచ్చు కాబట్టి కొన్నేళ్ళకోసారి మళ్ళీ చూస్తారు. జన్యుపరీక్షలో ఈ జబ్బుకు వీలు కల్పించే డీక్యూ2, డీక్యూ8 జన్యువులు రెండూ లేవని వస్తే మాత్రం ఆ మనిషికి ఇక ఈ పరీక్షల అవసరం దాదాపు ఉండదు.