పేరు కొట్టివేసినా దస్త్రం ఉంటుంది

కార్యాలయంలో పనిచేసినవారెవరికైనా రికార్డు గది సంగతి తెలుసు. బీరువాలలో దస్త్రాలు, గుమ్మం దగ్గర వాటి పేర్ల రిజిస్టరు ఉంటాయి. రిజిస్టరులో పేరు కొట్టివేసినంత మాత్రాన బీరువాలోని దస్త్రం మాయం కాదు. యూనిక్స్ కుటుంబానికి చెందిన కంప్యూటర్లలో ఫైళ్ల అమరిక కూడా ఇటువంటిదే. ఈ చిన్న సత్యాన్ని విస్మరించినందుకు మేము ఒక రాత్రంతా ఆందోళన చెందవలసి వచ్చింది.

అది జీతాల లెక్కలు తేలవలసిన నెలాఖరు. సర్వరులోని డిస్కు నిండిపోయి పని నిలిచిపోయింది. అన్నిటికన్నా పెద్దదైన ఫైలును పాత లాగ్‌గా భావించి, తొందరలో తొలగించాము. అయినా ఖాళీ రవంతైనా పెరగలేదు. డిస్కులోని ఖాళీని తెలిపే ‘డి.ఎఫ్.’ ఆదేశం నూటికి నూరు పాళ్లూ నిండిందనే చెబుతోంది. పేర్లున్న ఫైళ్ల పరిమాణాలను కూడి చూపే ‘డి.యు.’ మాత్రం చాలా చోటు ఉండాలంటోంది. ఇంతలో తెలిసింది, మేము తొలగించినది లాగ్ కాదు, ఆ నెల ఓవర్‌టైం నమోదుల ఫైలు అని! దానికి నకలు కూడా లేదు.

యంత్రాన్ని ఆపి మళ్లీ నడుపుదామని మాలో ఒకరన్నారు. కొత్తగా చేరిన యువ ఇంజనీరు అడ్డుపడ్డాడు. “ఆపకండి సార్. ఖాళీ పెరగలేదంటే ఫైలు ఇంకా ఉన్నట్టే కదా!”

అతని మాటలోని మర్మం యూనిక్స్ పుట్టుకలోనే ఉంది. 1969లో బెల్ ప్రయోగశాలలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ ఈ వ్యవస్థకు రూపకల్పన ప్రారంభించారు. ఇందులో డైరెక్టరీ అంటే పేర్ల రిజిస్టరు. ప్రతి పేరుకూ ఎదురుగా ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య సూచించే ‘ఐనోడ్’లో ఫైలు యజమాని, అనుమతులు, పరిమాణం, డిస్కుపై సమాచారం ఉన్న స్థానాలు ఉంటాయి. పేరు మాత్రం ఉండదు. ఒకే ఐనోడ్‌కు పలు పేర్లు ఉండవచ్చు. వీటిని హార్డ్ లింకులంటారు. ఎన్ని పేర్లున్నాయో, ఎన్ని ప్రోగ్రాములు ఫైలును తెరచి ఉంచాయో వ్యవస్థ లెక్కపెడుతూ ఉంటుంది. ఈ రెండు లెక్కలూ సున్నా అయినప్పుడే చోటు విడుదల అవుతుంది.

మేము పేరు తుడిచాము. కాని ఓవర్‌టైం ప్రోగ్రాము ఆ ఫైలును ఇంకా తెరిచే ఉంచింది. యంత్రాన్ని ఆపి ఉంటే ఆ పట్టు కూడా సడలి, ఫైలు చేజారేది. ‘ఎల్.ఎస్.ఓ.ఎఫ్.’ ఆదేశంతో పేరు లేని ఆ ఫైలును గుర్తించాము. లినక్స్‌లోని ‘ప్రోక్’ డైరెక్టరీ ద్వారా దానిని మరో డిస్కుకు నకలు తీసి, మొత్తాలు సరిచూసుకున్నాము. ఆ తరువాతే ప్రోగ్రామును ఆపాము. చోటు తిరిగివచ్చింది. తెల్లవారేసరికి లెక్కలు పూర్తయ్యాయి.

ఆ రాత్రి తరువాత మా ఇతర నమ్మకాలను కూడా పునఃపరిశీలించుకున్నాము. ఖాళీ కనిపిస్తున్నా కొత్త ఫైలు పుట్టకపోవచ్చు. ఎక్స్‌ట్4 పద్ధతిలో సాధారణంగా 16 కిలోబైట్లకు ఒకటి చొప్పున ఐనోడ్లను ముందే కేటాయిస్తారు. చిన్న ఫైళ్లు లక్షలాదిగా పేరుకుంటే అవి అయిపోతాయి. 2001లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన ఎక్స్‌ట్3 నుండి ఉన్న జర్నల్, కరెంటు పోయినప్పుడు అమరికను కాపాడుతుంది; మామూలు అమరికలో ఫైలులోని సమాచారానికి పూర్తి హామీ ఇవ్వదు. జంట డిస్కుల ఏర్పాటు ఒక డిస్కు చెడిపోతే ఆదుకుంటుంది. కాని పొరపాటున తొలగించిన ఫైలు రెండింటిలోనూ ఒకేసారి పోతుంది. 2005లో వెలువడిన జెడ్‌ఎఫ్‌ఎస్ వంటి పద్ధతులలోని స్నాప్‌షాట్లు పాత రూపాన్ని నిలుపుతాయి; అవి ఉన్న డిస్కులే పాడైతే అవీ పోతాయి.

కనుక వేరొక డిస్కుపై, వేరొక చోట నకలు ఉండాలి. అది తెరుచుకుంటున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి. ఇంట్లో పిల్లల ఫొటోలను కంప్యూటరులో దాచుకునే వారికీ ఇదే వర్తిస్తుంది. ఆ యువ ఇంజనీరు అడ్డుపడి ఉండకపోతే ఎందరో సోదర కార్మికుల నెల కష్టం లెక్కకు రాకుండా పోయేది. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరికే అనలేదు.