పాణిముక్తము – డార్ట్సు ఆటలో గురి కుదుర్చుకొను విధము



అగ్నిపురాణమునందలి ధనుర్వేదభాగము ఆయుధములను విడుచు తీరునుబట్టి విభజించినది. వింటినుండియు ఒడిసెలనుండియు వెడలునవి యంత్రముక్తములు. రాయి, తోమరము మొదలగు చేతితో విసరునవి పాణిముక్తములు. ఇంగ్లండు దేశపు పానశాలలలో పెరిగి మన పట్టణములకును వచ్చిన డార్ట్సు అను చిన్న బాణముల ఆట ఈ రెండవ తెగకు చెందును. మన అనకాపల్లి తోటలలో రాయి విసరి మామిడికాయను రాల్చినవాడెల్ల దీని మొదటి పాఠము చదివినవాడే. దీనికి దేహబలము కొలదిగానే చాలును గనుక, వయసు మీరినవారును మనుమలతో సమముగా ఆడవచ్చును.

ముందు కొలతలు. పలక నడిబొట్టు నేలనుండి 5 అడుగుల 8 అంగుళముల యెత్తున నుండవలయును. నిలుచు గీత పలక ముఖమునకు 7 అడుగుల 9¼ అంగుళముల దూరము. మన కంచెలలోని కిత్తనార జాతి మొక్కల పీచును అదిమి మంచి పలకలను చేయుదురు. మొనను ఊడదీయగనే పీచు మరల కలిసికొనును. పలక చుట్టును 1 మొదలు 20 వరకు అంకెలుండును. 20కి ఇరుప్రక్కల 1, 5 ఉండుటచే గురి రవంత తొలగినను శిక్ష తప్పదు.

ఇక విసరు పద్ధతి. కుడిచేతివాటము వారు కుడిపాదమును గీతకడ నుంచి, బరువు దానిపై మోపి, మేను కదల్పక నిలువవలెను. బాణమును బొటనవ్రేలితోను, తక్కిన రెండు మూడు వ్రేళ్ల కొనలతోను జారిపోనంతమాత్రమే పట్టవలెను. బిగించి పట్టినచో విడుచునప్పుడు మొన ప్రక్కకు తిరుగును. మోచేతిని ఇంచుమించు భుజమంత యెత్తున నిలిపి, తలుపు బందుమీద తిరిగినట్లు ముంజేతిని వెనుకకు తెచ్చి ముందునకు పోనీయవలెను. భూమ్యాకర్షణముచే బాణము వంగుచు పోవును గనుక కొంచెము పైకి విడువవలెను. విడిచిన పిమ్మటను చేయి గురివైపునకే చాచుకొనవలయును. నడుమ ఆపినచో బాణము తరచుగా క్రిందికి దిగును.

అభ్యాసమున ముఖ్యమైన సంగతి యొకటి కలదు. మూడు బాణములలో ఒకటి నడిబొట్టున నాటి, రెండు చెరియొక దిక్కున పడినచో పలువురు సంతోషింతురు. అది ఘుణాక్షరన్యాయము, పురుగు తొలిచిన గీత అక్షరమైనంతమాత్రమున పురుగు చదువరి కాదు. మూడును గురికి జానెడు దూరమున పడినను, ఒకదాని ప్రక్క నొకటి పడినచో, ఆ చేయి శిక్షితమైనది. కుదురుగా పడు గుంపును గురివైపునకు జరుపుట సులభము. చెదరిన బాణములను ఎటు జరుపగలము?

కావున దినమునకు పావుగంట విసరి, పడిన చోటులను కాగితముపై గుర్తించుకొనుడు. పాదమో, పట్టో, మోచేయియో, ఒక్కసారికి ఒక్కదానినే దిద్దుకొనుడు. రెంటిని మార్చినచో మేలు దేనివలన కలిగెనో తెలియదు. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో విలువిద్యయందు మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఆమెది యంత్రముక్తము, మనది పాణిముక్తము. అయినను ప్రతి బాణమును ఒకే తీరున విడుచుట రెంటికిని మూలము.

కడపట నొక హెచ్చరిక. పలకను తలుపు ప్రక్కను వ్రేలాడదీయకుడు. పిల్లలను విసరువాని వెనుకనే నిలుపుడు. మూడు బాణములును పడినగాని ఎవరును పలకను సమీపింపరాదు. ఈ నియమము పాటింపని యింట ఈ ఆట వలదు.